పందిని దాటిన గుండు

నా భార్య ఐలవ్వను చంపింది ఆమె తమ్ముడు లింబాద్రి. మక్కచేనులో అలికిడి విని, ఎవరో చూడకుండా నాటు తుపాకి పేల్చాడు. ఆ తర్వాత ఒక అడవిపందిని కొట్టి తెచ్చి చేనులో పడేశాడు. గుండు పందిలోంచి దూసుకుపోయి అక్కకు తగిలిందని చెప్పాడు. ఊరు నమ్మింది. నేను నమ్మలేదు.

అది 2021 సెప్టెంబర్. అప్పుడు నేను రాస్ అల్ ఖైమాలో ఉన్నాను. ఇప్పుడూ ఇక్కడే ఉన్నాను. మా ఊళ్లో పందులను తరమడానికి ఇంటికో మనిషి పోవాలి. చేనుకు ఒక దిక్కున తుపాకి పట్టుకుని ఒకడు కూర్చుంటాడు. మిగతావాళ్లు మూడు దిక్కుల నుంచి పళ్లేలు కొడుతూ పందిని అతని మీదికి తోలతారు. పోని ఇంటికి మాట పడుతుంది. మా ఇంట్లో మగమనిషి లేడు, పిల్లలు లేరు. ఐలవ్వ స్టీలు పళ్లెం పట్టుకుని పోయింది.

గుండు కడుపులో దిగింది. ఆసుపత్రిలో తీశారు. రెండో రోజు పోయింది. కరోనా రోజులు, నేను చేరేసరికి పన్నెండో రోజు. పోలీసులకు ఫిర్యాదు రాయించాను. పందిని తర్వాత కొట్టి సాక్ష్యం పెట్టాడన్న మాట నేనే చెప్పి మరీ రాయించాను. తిరిగి వచ్చేశాను.

వకీలు వేణుగోపాలరావు కాగితాలతో పాటు ఆ గుండు ఫోటో కూడా ఫోన్‌కు పంపాడు. తెల్లటి ట్రేలో నలిగిన సీసం ముద్ద. దాని మడతలో ఇరుక్కుని రెండు నల్లటి వెంట్రుకలు. జడ ముందుకు వేసుకుని ఉంటుంది అనుకున్నాను. ఆమెవి నాకు మిగిలినవి అవే. రోజూ పనికి పోయేముందు ఆ ఫోటో చూసేవాణ్ణి.

నా పని చచ్చిన జంతువుల్లో తూటాలు వెతకడం. నాకు వీసా ఇచ్చిన యజమానికి, మా కఫీల్‌కు, కొండల కింద పెద్ద మజ్రా ఉంది, జంతువులు పెంచే ఫారం. కంచె లోపల జింకలు, దుప్పులు, మన దేశం నుంచి తెచ్చిన మనుబోతులు, అంటే నీల్‌గాయిలు, పెరుగుతాయి. ఏటా చలికాలం ముసలివాటిని, ఎక్కువైనవాటిని కొట్టిస్తాడు. నేను తోలు తీసి, మాంసం కోసి, తూటా ఎక్కడ దిగింది, ఎంత విచ్చుకుంది, ఎక్కడ ఆగిందో ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, చూపించాలి.

తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. సీసం ముక్కు తూటా మాంసంలో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. భుజం ఎముకకు తగిలితే ముక్కలై చెదిరిపోతుంది. అప్పుడు జంతువు వెంటనే పడదు. కుంటుతూ రెండు రోజులు తిరిగి చస్తుంది. వట్టి రాగి తూటా విచ్చుకున్నా విరగదు, లోతుకు పోతుంది. నేను బడిలో చదివింది ఏడో తరగతి. ఈ చదువు మాత్రం పూర్తిగా నాది. ఈ చదువుతోనే చెప్పాను, నాటు తుపాకి మెత్తటి గుండు పందిని దాటదని.

లింబాద్రి నెలకోసారి ఫోన్ చేసేవాడు.

"బావా, జైలంటే పోత. తుపాకికి లైసెన్సు లేదు, అక్క పాణం పోయింది. గది నా తప్పే. గానీ అక్కను సంపి పందిని అడ్డం పెట్టిండన్న మాట తీసేపియ్యి. అమ్మ నా మొకం సూస్త లేదు."

"మీ అమ్మకు తెలివి ఉన్నది."

"గా కేసు నీ ఒక్క మాట మీదనే నిలవడ్డది బావా."

"నిలవడనియ్యి."

పోయిన జనవరిలో ఒక పొద్దున కఫీల్ చుట్టం ఒకాయన వేటకు వచ్చాడు. వెంట తీసుకుపోయింది అమీర్ జాన్. పెషావర్ మనిషి, అరవై దాటాయి. ఎవరు తుపాకి ఎత్తినా ముందు "పీఛే కౌన్ హై?" అని అడుగుతాడు. జంతువు వెనక ఏముందో చెప్పందే పేల్చనివ్వడు. ఆ రోజు చుట్టం అడగనివ్వలేదు. కొట్టింది ఒక మగ మనుబోతును. అది పది అడుగులు పోయి పడింది. దాని వెనక ముళ్లచెట్ల చాటున ఒక ఆడది కూడా పడి ఉంది. చూలుది.

"ఒక్కటే పేల్చాను," అన్నాడు చుట్టం.

ముదీర్ నమ్మలేదు. నేను కత్తి నూరుతుంటే అమీర్ జాన్ పక్కన కూర్చున్నాడు.

"ఏక్ గోలీ, దో జాన్వర్. మెహమాన్‌కు ఇనామ్ ఇవ్వాలి భాయ్," అన్నాడు.

"అబద్ధం. మెత్తటి తూటా అది. ఒకదాన్ని దాటి రెండోదాంట్లో దిగదు."

"తూటాను అడగకు. ఎక్కడ తగిలిందో అడుగు. హడ్డీ అయితే ఆగుతుంది. పసలీ బీచ్‌లో, పక్కటెముకల సందులో, ఏం అడ్డం ఉంది దానికి?"

ముందు మగదాన్ని కోశాను. ఎముక ఏదీ విరగలేదు. పక్కటెముకల సందున దూరి, అవతలి సందున బయటికి పోయింది. తర్వాత ఆడదాన్ని కోశాను. తూటా కడుపులో దొరికింది. బొటనవేలి గోరంత వెడల్పుగా విచ్చుకుంది. కడిగాను. మడతలో మూడు వెంట్రుకలు ఇరుక్కున్నాయి. నీలం కలిసిన బూడిదరంగు.

ఆడ మనుబోతు ఒంటి మీద ఆ రంగు వెంట్రుక ఉండదు. అది ఎర్రమట్టి రంగు. మగదే బూడిదరంగు.

"యల్లా, చెప్పు," అన్నాడు ముదీర్.

"ఒక్కటే పేల్చాడు. అబద్ధం చెప్పలేదు," అన్నాను.

చేతులు కడుక్కుని షెడ్డు వెనక్కి పోయాను. ఫోన్‌లో ఐలవ్వ ఫోటో తెరిచాను. ఐలవ్వ ఫోటో అంటే ఆ గుండు ఫోటోనే. రెండు వేళ్లతో పెద్దది చేశాను. మూడేళ్లు రోజూ చూశాను కానీ పెద్దది చేసి చూడలేదు. వెంట్రుకలు చీపురు పుల్లల్లా బిరుసుగా ఉన్నాయి. రెండింటి కొసలూ చీలి ఉన్నాయి. చిన్నప్పుడు ఎన్ని పందులను మంట మీద కాల్చి బొచ్చు గీశామో లెక్క లేదు. అడవిపంది వెంట్రుక కొస చీలి ఉంటుంది. ఐలవ్వ జుట్టు మెత్తన.

అవి ఆమెవి కావు.

వకీలుకు ఫోన్ చేశాను. పందిని తర్వాత కొట్టాడన్న మాట తీసేయమన్నాను.

"కేసు పలుచనైతది రాజేశ్వర్. ఎందుకు తీస్తున్నవ్?"

"అది అబద్ధం కాబట్టి."

మరుసటి రోజు లింబాద్రి ఫోన్ చేశాడు. కాసేపు ఏడుపే వినబడింది.

"బావా, నమ్మినవా?"

"పందినే కొట్టినవ్. నమ్మిన. పంది ఎనుక ఎవరున్నరో సూసినవా?"

"మక్కలు నిలువెత్తున్నయి బావా. కానరాలె."

"పంది ఎనుక నుంచి పళ్లెం సప్పుడు ఇనబడ్డదా?"

 

"ఇనబడ్డది," అన్నాడు.

వాడే మళ్లీ అన్నాడు. "నువ్వుంటే నువ్వే వస్తుంటివి బావా. అక్క రాకపోవు."

"ఖలాస్. మల్ల ఫోన్ చెయ్యకు."

వాడి నంబర్ తీసేశాను. ఫోటో కూడా తీసేశాను. పంది వెంట్రుకలు నేను దాచుకోవాల్సిన పని లేదు. మర్నాడు మజ్రాలో ఏడు జంతువులను కొట్టారు. ఏడింటినీ నేనే కోశాను. అమీర్ జాన్ ఏమైందని రెండుసార్లు అడిగాడు. చెప్పలేదు.

అడిగేవాళ్లు ఇంకా ఉంటారు. అత్త అడుగుతుంది, కోర్టు అడుగుతుంది, ఊరికి పోతే ఊరు అడుగుతుంది. చెప్పాల్సింది ఇక్కడ రాశాను. ఇక ఎవరడిగినా దీని గురించి నోరు విప్పను.