టీ పెట్టకూడదన్న టెండరు

థోర్న్‌బెక్ పట్నంలో బడి ముగించిన పిల్లలకు ఇకమీదట ఏం పని చెయ్యాలో తోచకపోతే లైబ్రరీ మేడమీదికి, డిలిస్ దగ్గరికి వెళ్తారు. ఆవిడ కెటిల్ పెట్టి వాళ్ళ చేత కాసేపు కబుర్లు చెప్పిస్తుంది. మాటలు మనసులోంచి రావడం మొదలయ్యేసరికి, కప్పులోంచి లేచే ఆవిరికి వాళ్ళు చెయ్యబోయే పని వాసన వస్తుంది. మాంసం కొట్టాయన కొడుక్కి తారు వాసన వచ్చింది. తండ్రి కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, చివరికి రోడ్డు పనికి బూట్లు కొనిచ్చాడు. డిలిస్ మీద ఊరికున్న ఫిర్యాదల్లా మెత్తబడ్డ బిస్కెట్లు పెడుతుందనే.

ఆ ఏడు డిలిస్ కాంట్రాక్టు గడువు తీరి, కౌన్సిల్ మళ్ళీ టెండరు పిలిచింది. పోటీకి నగరం నుంచి ఒక కంపెనీ వచ్చింది. వాళ్ళది కంప్యూటర్ ప్రశ్నలు, సగం ధర. మార్కులు వేసేవాళ్ళు ముగ్గురు: కొనుగోళ్ళ అధికారి జెరాల్డ్, కౌన్సిలర్ ఎంట్విసిల్, పిల్లల తరఫున ఒకరుండాలన్న నియమం కొద్దీ పదిహేడేళ్ళ మార్నీ. ముగ్గురూ ఒకే మార్కుకు ఒప్పుకోవాలి, లేదంటే టెండరు రద్దు.

డిలిస్ ఫ్లాస్కుతో వచ్చింది. పోటీదారుల చేతి నుంచి పచ్చి మంచినీళ్ళు పుచ్చుకున్నా లంచమేనని జెరాల్డ్ దాన్ని మూత తియ్యనివ్వలేదు. ఆవిడ ఏం చెప్పాలో తెలియక, చెప్పిందే చెప్పి, వెళ్ళి వరండాలో కూర్చుంది.

"కంపెనీకి తొమ్మిది, డిలిస్‌కి మూడు. అంతేగా?" అన్నాడు జెరాల్డ్.

"కంపెనీకి సున్నా," అంది మార్నీ.

"సున్నా వెయ్యాలంటే కారణం ఉండాలమ్మా."

"మా బడిలో ఆ ప్రశ్నలు పెట్టి చూశారు. క్లాసు క్లాసంతా గోడౌన్లో పెట్టెలు కట్టడానికే పనికొస్తామంది కంప్యూటరు. ఎందుకంటే ఊరి చివర ఉన్నది గోడౌనే కాబట్టి! మేం ఏమిటన్నది దానికి అక్కర్లేదు."

"గోడౌన్లో పని తక్కువా? మా నాన్న అక్కడే చేశాడు," అంది ఎంట్విసిల్ చురుగ్గా.

"ఆయన కోరుకుని చేశాడా?"

ఎంట్విసిల్ మార్కుల కాగితం తన వైపు లాక్కుంది.

"నాలుగైనా వెయ్యి. అందరం ఇళ్ళకు పోదాం," అని బతిమాలాడు జెరాల్డ్.

"వెయ్యను. రద్దు చేసుకోండి."

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం మార్నీకి అలవాటు లేదు. అయినా మాట తిప్పుకోలేదు.

మాటా మాటా పెరిగితే ఆ ఊళ్ళో ఎవరో ఒకరు లేచి టీ పెడతారు. జెరాల్డ్ లేచాడు. టీ పెట్టి వరండాలో ఉన్న మనిషిని అడక్కపోతే మర్యాద కాదు కనక డిలిస్‌నీ పిలిచాడు. ఆయన కప్పులో ముందు పాలు పొయ్యడం చూసి ఆవిడ ఆగలేకపోయింది.

"ఇలా ఇవ్వు నాయనా, పాడు చేస్తున్నావ్."

పాలు కౌన్సిల్‌వి, టీ ఆకు కౌన్సిల్‌ది. అడ్డుపెట్టడానికి జెరాల్డ్‌కు ఏ నియమమూ గుర్తు రాలేదు. డిలిస్ మార్నీ ముందు కప్పు పెట్టింది.

"ఎందుకమ్మా అంత మొండిపట్టు?"

"మా గురించి తేల్చేటప్పుడు మమ్మల్ని చూడనైనా చూడరు, అందుకు," అంది మార్నీ.

ఆవిరి లేచింది. నేల పాలిష్, తడిసిన కోట్లు, వేడెక్కిన హీటరు మీది దుమ్ము.

"ఇది మన కౌన్సిల్ హాలు వాసన కదూ?" అన్నాడు జెరాల్డ్.

ముప్పై ఏళ్ళుగా ఆ వాసనలో కూర్చున్న ఎంట్విసిల్ అందరికంటే ముందే పోల్చుకుంది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"జెరాల్డ్, నాది కూడా సున్నాయే. రాసుకో." జెరాల్డ్ తన తొమ్మిది కొట్టేసి తనూ సున్నా వేశాడు. ఆవిడ మార్నీ వైపు తిరిగింది. "నీకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి?"

"మార్చిలో."

"మే నెలలో ఎన్నికలు. మన వార్డులో ఇక నేను నిలబడనులే."

మార్నీ కప్పెత్తి టీ అంతా తాగేసింది.

"నిలబడండి మేడమ్. మీరు దిగిపోతే నాకొద్దు ఆ కుర్చీ. ఓడించే తీసుకుంటాను."