పితికిపప్పు పందెము

హేమంతారంభమునందలి ప్రాతఃకాలము. తుహినపటలావృతములైన కొండలు కంబళ్లు కప్పుకొన్న కాఁపులవలెఁ గదలక కూర్చుండియుండెను. పుష్పితములైన యనపచేల కమ్మని వాసన చిత్తూరు సీమయందలి యెద్దులవారిపల్లె వీథులెల్ల నిండియుండెను. కీర్తిశేషుఁడగు చిన్నపరెడ్డి లోఁగిలియందు మాత్రము భుజమెత్తున క్రొత్తగా లేచిన నడిగోడ కిరువైపుల రెండు పొయ్యిలు పరస్పరము పొగ చిమ్ముకొనుచుండెను.

అన్నదమ్ములు వేఱుపడిరి. పొలము తెగినది, గొడ్లు తెగినవి. తెగక మిగిలినది తల్లి మునెమ్మ యొక్కతెయే. పరుషభాషిణియు, పరదోషాన్వేషణచణయు, నిద్రయందును గోడండ్ర వంకలే పలవరించునదియు, కాళ్లు చచ్చి మంచము దిగలేనిదియు నగు నా వృద్ధ యే కోడలి పంచఁ జేరునో యా కోడలికి నిద్రయుండదని యూరెల్ల నెఱుఁగును. ఆమెయే తీర్పు చెప్పెను:

"మీ రిరువురును పితికిపప్పు వేసి పొట్టేలిమాంసము వండుఁడు. ఎవ్వతె కూర నా నాలుకకు నచ్చునో దాని పంచనే నా మంచము."

గెలిచినవారికి మునెమ్మ దక్కును. కావునఁ బెద్దకోడలు చెంగమ్మయుఁ జిన్నకోడలు రెడ్డెమ్మయు నోడుటకే నడుము గట్టిరి.

రాత్రి నానిన యనపగింజలఁ బితికి, పొట్టు వలిచి, మాంసముతోఁ గూడఁ బొయ్యిమీఁద వేసినంతనే చెంగమ్మ వానిపైఁ జింతపులుసు గ్రుమ్మరించెను. పులుపు ముందు తగిలిన గింజ యెంత యుడికించినను మెత్తవడదని యా యింటఁ జిన్నపిల్లలును జెప్పుదురు. ఆవలఁ బిడికిలినిండ మిరపపొడి పట్టి కుండపైఁ జేయెత్తిన తోడికోడలిని గోడమీఁదుగాఁ జూచి, యామె యెత్తు గ్రహించి, చెంగమ్మ తాపీగాఁ బలికెను:

"పోయవే, పోయుము. మీ పుట్టినింట మాంసమనఁగాఁ గారపునీళ్లే కదా. మీ యమ్మ పెట్టిన విందు తిని మా మఱఁది చేతి చెంబు దింపలేదు."

"అక్కా, మా యమ్మ జోలికి రాకుము."

"వచ్చినవాఁడు బ్రదికెనా?"

రెడ్డెమ్మ పిడికిలి డబ్బాలో విప్పెను. పుట్టినింటి పరువు పొయ్యి నెక్కినది. ధనియాలు, గసగసాలు, కొబ్బెర వేయించి, తోడికోడలి తలయే రోటనున్నట్లు నూఱి, పప్పు వెన్నవలె నుడికినపిదప మాత్రమే పులుసు పోసి, కారము కొలఁదిగా వేసి, కేవలము కక్షచేత నా యింట నిదివఱకెన్నఁడు నుడుకనంత చక్కని కూర వండి దింపెను. గోడ కీవలఁ జెంగమ్మ ముసిముసిగా నవ్వుకొనెను.

మధ్యాహ్నము రెండు విస్తళ్లు మునెమ్మ మంచముచెంతకు వచ్చెను. ఆమె చిన్నకోడలి కూర మాఱు వడ్డించుకొని తినెను.

"దీనికి వంక పెట్టిన నా నోరు పుచ్చును."

తరువాతఁ బెద్దకోడలి కూర నోట వేసికొని, గింజ కొఱికి, యఱచేత నుమిసి చూచెను.

"పులుసు తుదనే పోయవలెనని నీకు నేర్పిన దెవ్వరే?"

"నీవే యత్తా."

"మఱచితివా?"

చెంగమ్మ విస్తరి తీయఁబోయెను.

"మఱువలేదు. నన్ను వద్దనుకొంటివి. ఒసే, నా మంచము నీ పంచనే వేయుము. చచ్చుదాఁక నీ చేతి కూడే తిందును."

"రుచి నచ్చినచోటనే యుందునంటివి కదత్తా."

"అంటిని. నా మాటకు నీ సెలవు కావలెనా?"

రెడ్డెమ్మ కొంగు నోట గ్రుక్కుకొని నవ్వెను. చెంగమ్మ మంచమెత్తెను.

సాయంకాలమునకు మునెమ్మ కాఁకలియయ్యెను. "రెడ్డెమ్మా, మిగిలిన కూర యిటు పంపవే" యని కేకవేసెను. రెడ్డెమ్మ గిన్నె వేఁడిచేసి తెచ్చి గోడమీఁదఁ బెట్టి, యెవ్వరినిఁ బిలువక మరలిపోయెను. చెంగమ్మ దానిఁ జూచెను. ఆ చేతినుండి వచ్చినదానిఁ దాఁకుటకంటెఁ జేయి నఱకుకొనుట మేలని తలఁచి, యత్తకు మజ్జిగయన్నము కలిపెను. మునెమ్మ మంచముమీఁదనుండి గిన్నెవంకఁ జూచుచు నా మజ్జిగయన్నమే మ్రింగుచుండెను. విరోధులు మువ్వురును బంతమున గెలిచిన యా లోఁగిట, మంచు దిగుచుండఁగా, గోడపైనున్న కూర నెఱ్ఱగాఁ దేలిన క్రొవ్వు మెల్లమెల్లగాఁ దెల్లవడి గడ్డకట్టెను.