అరికాళ్ళకు తెలిసిన ఊరు

టికెట్టు గుమాస్తాకి కుర్చీయే లోకం. పొద్దున ఎనిమిదింటికి స్టేషన్ కౌంటర్లో కూర్చున్నాడంటే మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పడానికి కూడా లేచేవాడు కాదు. ఇరవై ఆరేళ్ళు అలాగే కూర్చున్నాడు. కుర్చీ మెత్త ఆయన ఆకారానికి గుంటపడిపోయింది. ఊరందరికీ ఎక్కడెక్కడికో టికెట్లు ఇచ్చి పంపేవాడు, తను మాత్రం ఇంటి నుంచి స్టేషనుకి స్కూటర్ మీద వచ్చేవాడు. ఆ స్కూటర్ స్టార్టయ్యేలోగా నడిచి రావచ్చని పోర్టర్లు నవ్వుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆయన భార్యకి గుమ్మం దగ్గర నేల మీద ఎర్రటి చుక్క కనిపించింది. రెండడుగుల అవతల ఇంకొకటి. చుక్కల వెంట పోతే అవి భర్త మడమ దగ్గర ఆగాయి. మడమలో మేకు దిగి ఉంది. ఆయన తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ! కాలికి మేకు గుచ్చుకుంది!"

"అయ్యో, ఎవరి కాలికి?" అన్నాడాయన పేజీ తిప్పుతూ.

మర్నాడు ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఊరికి ఆ చివర, తన ఇంటి ముందుగదిలోనే ఆవిడ రోగుల్ని చూసేది. అరవై దాటిన మనిషి. నోరు కత్తి, చెయ్యి వెన్న. గాయం కడిగి కట్టు కట్టాక గుమాస్తాని కళ్ళు మూసుకోమంది. అరికాళ్ళ మీద సన్నటి తీగతో తాకింది.

"తెలుస్తోందా?"

"ముందు తాకండి, చెప్తాను."

"ఆరుసార్లు తాకాను నాయనా."

గుమాస్తా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ రక్తం పరీక్ష కాగితం బల్ల మీద పరిచింది. "ఒంట్లో చక్కెర నీ నరాల్ని నమిలేస్తోందయ్యా. మాత్రలు నేనిస్తాను. నీ బదులు నడవమంటే మాత్రం నా వల్ల కాదు. పుండు మానగానే రోజూ అరగంట నడువు. మెత్తటి బూట్లు వేసుకో, ఇంటికొచ్చాక అరికాళ్ళు అద్దంలో చూసుకో. బద్ధకించావో, ఈసారి పీకాల్సింది మేకు కాదు."

పుండు మానింది. మొదటిరోజు గుమాస్తా వీధి చివరి పోస్టు డబ్బా దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని రొప్పాడు. పిక్కలు రాళ్ళయ్యాయి. పక్కనే నడుస్తున్న భార్య, ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఆ డబ్బా మీద రాసిన వేళలన్నీ పైకి చదివింది. రెండో వారానికి పోస్టాఫీసు దాకా వెళ్ళారు. నాలుగో వారానికి వంతెన దాకా. నిద్ర పట్టసాగింది. బెల్టు ఒక బెజ్జం లోపలికి జరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ పక్కపక్కన ఇంతసేపు ఉన్నది ఎప్పుడూ లేదు. మాటలు వాటంతటవే వచ్చేవి, లేకపోతే లేదు.

ఏడో వారంలో ఒక పొద్దున వంతెన మీద గుమాస్తా ఆగిపోయాడు. బూట్ల కింద ఏదో కొట్టుకుంటోంది. బండి వస్తోందేమో అనుకున్నాడు. కానీ ఆ అదురు పట్టాల వైపు నుంచి కాదు, అవతలి వీధి నుంచి వస్తోంది. అక్కడ రొట్టెల దుకాణం ఆయన తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్నాడు. ఆయన దూరమైన కొద్దీ చప్పుడూ సన్నగిల్లింది. ఇంకోటి వినిపించింది, ఎగురుతున్నట్టుగా. బడి పంతులమ్మ ఆలస్యమై పరుగులు పెడుతోంది. మరీ దగ్గర్నుంచి మూడోది. పక్కకి చూశాడు.

"నీది వినిపిస్తోంది" అన్నాడు.

"ఏమిటి?"

"గుండె."

"ఎలా ఉంది?" అనడిగింది భార్య.

"గట్టిగానే ఉంది. కాకపోతే ఏదో మర్చిపోయి వచ్చినట్టు తొందరపడుతోంది."

"పొయ్యి మీద పాలు!" అని ఆవిడ వెనక్కి తిరిగి పరుగందుకుంది. గుమాస్తా కదల్లేకపోయాడు. ఆ గుండె చప్పుడు వీధి వీధంతా దాటి, మలుపు తిరిగి, ఇంటి మెట్లెక్కేదాకా ఆయన కాళ్ళ కింద మోగుతూనే ఉంది. ఇన్నేళ్ళూ ఇంత దగ్గర ఉండి వినలేదే అనిపించి కళ్ళు చెమ్మగిల్లాయి.

సంగతి ఊరంతా తెలిసింది. ఎవరూ వింతగా చూడలేదు. టైమెంతయిందని అడిగినట్టే అడిగేవాళ్ళు. "బాబాయ్, నిన్న మెట్లెక్కితే ఆయాసం వచ్చింది, మనదెలా ఉంది?" అనేవాడు పోర్టరు. "నిండుకుండలా ఉంది, ఆ బీడీ ఒక్కటి మానెయ్యి" అనేవాడు గుమాస్తా. నడిచేవాళ్ళ గుండెలే అందేవి ఆయనకి. కూర్చున్నవాళ్ళవి నేలలోకి దిగేవి కావు. కొన్ని పొద్దుల్లో ఊళ్ళో సగంమంది రోడ్డు మీదుండగా ఆయన వంతెన మీద నిలబడేవాడు. పెద్దవీ పసివీ, అలిసినవీ ఉరికేవీ, వందల గుండెలు ఒకేసారి కాళ్ళలోకి ఎక్కి వచ్చేవి. ఊరు ఇంత బతికి ఉందా అని ఒళ్ళు గగుర్పొడిచేది.

మూడో నెల పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "చక్కెర దారిలో పడిందయ్యా! ఏం చేశావు?"

"మీరు చెప్పిందే. నడిచాను. మరి మీరో?"

"వంటవాడు తన వంట తింటాడా ఎక్కడైనా? నాకు ఈ కుర్చీ వదిలితే కదా!"

"ఊళ్ళో అందరి గుండెలూ నా కాళ్ళకి తెలుసు డాక్టరమ్మా. మీదొక్కటే తెలీదు."

ఆవిడ నవ్వబోయి ఆగింది. "రేపు ఆరింటికి రా" అంది చివరికి, "ఊరికే తినేస్తావు నన్ను."

మర్నాడు గేటు తీసుకుని బయటికొచ్చింది. కొత్త బూట్లు కరుస్తున్నాయని తిట్టుకుంటూ పది ఇళ్ళు దాటింది. గుమాస్తా మొహం పాలిపోయింది. కాళ్ళ కింద ఆ గుండె మూడుసార్లు కొట్టుకుని ఒకటి మింగేస్తోంది. మింగినదాన్ని వెతుక్కుంటున్నట్టు గబగబా నాలుగు కొట్టుకుని, మళ్ళీ మింగేస్తోంది. మెట్లలో ఒక మెట్టు లేకపోతే కాలు ఎలా గతుక్కుమంటుందో, ప్రతిసారీ ఆయనకి అలా అయింది.

"ఏమయ్యా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు? చెప్పు."

"వద్దులెండి."

"రోగులకి నేను దాచానా ఎప్పుడైనా? చెప్పు."

చెప్పాడు. ఎన్ని కొట్టుకుని ఎన్ని ఆగుతోందో వేళ్ళు మడిచి చూపించాడు. డాక్టరమ్మ ప్రహరీ గోడకి ఆనుకుని తన మణికట్టు తనే పట్టుకుంది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "ఆయాసం వయసు వల్ల అనుకున్నాను" అంది మెల్లగా. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆ మధ్యాహ్నం బండికే పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళింది. గుండెలో ఒక కవాటం దాదాపు పూడుకుపోయిందని, ఇంకో నెల ఆగి ఉంటే కూర్చున్న కుర్చీలోనే పోయేవారని అక్కడి సర్జను కోప్పడ్డాడు. ఆపరేషన్ చేశారు. నెలన్నర తర్వాత ఆవిడ ఇల్లు చేరిందని కబురొచ్చింది. గేటు దాకా నడుస్తోందట. తర్వాత నాలుగిళ్ళ దాకా. గుమాస్తా వెళ్ళి చూద్దామంటే, చూడటానికి ఎవరూ రాకూడదని హుకుం.

వానాకాలం వెళ్ళిన ఒక పొద్దున కౌంటర్ ముందు క్యూ కిటకిటలాడుతోంది. గుమాస్తా టికెట్ మీద ముద్ర వేయబోయి చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. నేలలోంచి ఒక కొత్త చప్పుడు వస్తోంది. నెమ్మదిగా, ఎక్కడా మింగకుండా. పావుగంట గడిచాక డాక్టరమ్మ స్టేషన్ మెట్లెక్కింది. ఊరి ఆ చివర నుంచి ఈ చివరికి కాలినడకన వచ్చింది. క్యూ రెండుగా చీలి దారి ఇచ్చింది.

"ఎలా ఉంది?" అంది కౌంటర్ కన్నంలోకి వంగి.

గుమాస్తా తలాడించాడు, అంతే.

"అదే చాలు. వస్తాను."

"ఎవరినైనా బండి మీద దింపమంటానండీ..."

"నోర్మూసుకో. డాక్టర్‌ని నేనా నువ్వా?" అని ఆవిడ మెట్లు దిగింది.

గుమాస్తా రెండు పాదాలూ నేలకి ఆనించి కదలకుండా కూర్చున్నాడు. ముద్ర బల్ల మీద పెట్టేశాడు. బండి వచ్చే వేళయింది, అయినా క్యూలో ఎవరూ తొందరపెట్టలేదు. పసిపిల్లని ఎత్తుకున్నావిడ జోకొట్టడం ఆపింది. పోర్టరు తల మీది పెట్టె దించుకోకుండానే నిలబడ్డాడు. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు.

చాలాసేపటికి ఆయన పాదాలు వదులయ్యాయి.

"ఇంటి గేటు వేసుకుంది" అన్నాడు.

క్యూ అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ముందున్నాయన గొంతు సవరించుకుని, రెండు టికెట్లు అడిగాడు.