నాలుగో చానల్

భద్రయ్య తన లైట్లను ఎవరినీ ముట్టుకోనివ్వడు. మెట్టుగూడలో స్టూడియో పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో పెళ్లాన్ని ఇంట్లో మరిచిపోయి పెళ్లిళ్లకు పోయిన సందర్భాలు ఉన్నాయి గానీ, లైట్ల సంచీని మరిచిపోయిన సందర్భం ఒక్కటీ లేదు.

అందులో నాలుగు ఫ్లాష్ లైట్లు ఉంటాయి. కెమెరా నెత్తిన అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, దాన్ని ట్రిగ్గర్ అంటారు. బటన్ నొక్కగానే అది రేడియోలో ఒక కేక వేస్తుంది. ఒక్కో లైటు కింద ఉన్న మరో చిన్న డబ్బా ఆ కేక విని లైటును వెలిగిస్తుంది. తీగల గొడవ లేదు. చిక్కల్లా చానళ్లతోనే. మొత్తం పదహారుంటాయి. ఒకే హాల్లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే చానల్ మీద ఉన్నారంటే, ఒకడు నొక్కితే రెండోవాడి లైట్లు కూడా వెలుగుతాయి. అందుకే ఆడపిల్ల తరఫు ఫొటోగ్రాఫరు, మగపిల్లవాడి తరఫు ఫొటోగ్రాఫరు ఎదురుపడితే ముందు అడిగేది పేరు కాదు, చానల్. భద్రయ్యది ఎప్పుడూ నాలుగే. చానల్ మార్చే మీటలు కదలకుండా వాటి మీద నల్లటేపు కూడా చుట్టి పెట్టాడు.

హిమజ పెళ్లికి పదిహేను రోజుల ముందు, ఆ పిల్ల తల్లి భవాని ఒక్కతే స్టూడియోకు వచ్చింది. హిమజ మొదటి పుట్టినరోజు ఫొటోలు తీసింది భద్రయ్యే. ఆ ఇంట్లో ఆయనకు బంధువుకున్నంత చనువుంది.

"అన్నా, నీకొక్కనికే చెప్తున్న. హిమజకు ఫిట్స్ ఉండె. నాలుగేండ్ల సంది రాలే, గోళీలు ఏస్తనే ఉన్నం. డాక్టరు ఒక్కటే చెప్పిండు. లైటు టపటపా కొట్టుకుంటే కండ్లల్ల పడొద్దన్నడు."

"పిల్లగాని తరఫోళ్లకు ఎరుకేనా?"

"పెండ్లైనంక నిమ్మలంగ చెప్తం. నువ్వు సుత ఎవ్వలకు చెప్పకు."

భద్రయ్యకు అది నచ్చలేదు. నచ్చలేదని పైకి అననూ లేదు. మనకెందుకులే అనుకున్నాడు. మన పెద్దమనుషులు చాలామంది అనుకునేది అదే కదా.

"నా నాలుగు లైట్లు నా ఏలు కింద ఉంటయి చెల్లె. నేను నొక్కితే పడుతయి, లేకుంటే లేదు. పరేషాన్ గాకు," అన్నాడు.

మాట ఇచ్చినందుకు పని కూడా శ్రద్ధగానే చేశాడు. మౌలాలి దారిలోని ఫంక్షన్ హాలుకు ముందురోజే పోయి, మండపానికి చుట్టిన మిణుకుమిణుకు దీపాల తోరణాలు తీయించాడు. డీజే వాడి తిరుగుడు లైట్లు మూట కట్టించాడు. ఎందుకని అడిగితే, "ఫొటోలు ఖరాబైతయి," అని కసిరాడు. కసిరే ఫొటోగ్రాఫరును ఎవరూ రెండోసారి అడగరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

పెళ్లి రోజు పొద్దున పది నలభై రెండుకు ముహూర్తం. పెళ్లికొడుకు సత్యదేవ్ వాళ్లు గోదావరి వైపు నుంచి వచ్చి బేగంపేటలో వ్యాపారం పెట్టుకున్నవాళ్లు. వాళ్లు పెట్టుకున్న ఫొటోగ్రాఫరు దుర్గేష్‌కు ముప్పై ఏళ్లుంటాయి. రెండు భుజాలకూ రెండు కెమెరాలు, చెవికి పోగు, ముఖాన చెరగని నవ్వు. లైట్లు మాత్రం రెండే తెచ్చుకున్నాడు.

"ఏ చానల్?" అన్నాడు భద్రయ్య.

"నాలుగండి గురువుగారూ."

"నాది నాలుగు. నువ్వు మారు."

"అలాగేనండి, పెద్దవారు మీరు," అని దుర్గేష్ చేతిలోని కెమెరా మీద డబ్బాను ఆయన కళ్లెదుటే తొమ్మిదికి తిప్పి చూపించాడు. తర్వాత మండపం నాలుగు మూలలా ఎత్తుగా నిలబెట్టిన లైట్లను తలెత్తి చూశాడు. "భలే పెట్టారండీ. నీడన్నదే లేదు." భద్రయ్యకు లోపల సంతోషమేసింది. ఎంత ముసలివాడికైనా పొగడ్త చేదు కాదు.

గౌరీపూజ మొదలైంది. హిమజ పసుపుముద్ద ముందు తలవంచి కూర్చుంది. భద్రయ్య కెమెరా పక్కన పెట్టి, లెన్సు తుడుచుకోవడానికి జేబులో గుడ్డ వెతుక్కుంటున్నాడు. అప్పుడు నాలుగు లైట్లూ ఒక్కసారి ఫక్కున వెలిగి ఆరిపోయాయి.

"కాకా, నువ్వు కొట్టినవా?" హిమజ తలెత్తింది. నవ్వుతూనే ఉంది గానీ, బొటనవేలితో కనుబొమ్మ మీద రుద్దుకుంటోంది.

"ఆ బిడ్డా. టెస్టింగ్," అన్నాడాయన. కెమెరా ఆయన చేతికి మూరెడు దూరంలో ఉంది.

రెండు నిమిషాలు గడిచాయి. మళ్లీ వెలిగాయి, ఈసారి వెంటవెంటనే రెండుసార్లు. భద్రయ్య కెమెరా వైపు చూశాడు, అది పెట్టినచోటే ఉంది. తన వేలు కింద ఉన్నాయనుకున్న లైట్లు ఇంకెవరి వేలు కిందో ఉన్నాయి. ఆ వేలు ఎవరిదో, దానికి ఎప్పుడు బుద్ధి పుడుతుందో తెలియదు.

గబగబా గేటు దగ్గరికి నడిచాడు. అక్కడ దుర్గేష్ పెళ్లికొడుకును కారు పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తున్నాడు.

"నాలుగు మీద ఎవలో ఉన్నరు. నువ్వేనా?"

"నాది తొమ్మిది మీదుందండీ, చూడండి." చేతిలోని కెమెరా చూపించాడు. రెండోది నడుము పక్కన, డబ్బా లోపలి వైపుకు తిరిగి వేలాడుతోంది. "ఏ పక్క హాలు వాళ్లదో అయ్యుంటుందండి."

"దుర్గేష్, జెర నా మాట ఇను. ఇయ్యాల నా లైట్లు గిట్ల ఊకె ఎలిగితే..."

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే దుర్గేష్ భుజం వెనక పెళ్లికొడుకు తండ్రి అమ్మిరాజు కనిపించాడు. చేతులకు గంధం, ముఖం నిండా నవ్వు. "ఏంటండీ, ఏమైనా ఇబ్బందా?" అని ఆప్యాయంగా అడిగాడు.

"ఏం లేదు సార్," అన్నాడు భద్రయ్య. దుర్గేష్ వైపు తిరిగి, "బ్యాటరీలు ఖరాబైతయి," అని ముగించాడు.

దుర్గేష్ పెదవి చివర నవ్వుకున్నాడు. బ్యాటరీల కోసం ఇంత హంగామానా, ముసలాయన మరీ పిసినారి అనుకుని ఉంటాడు. అనుకోడా మరి? ఆయన చెప్పింది అంతే కదా.

భద్రయ్య మండపానికి తిరిగొచ్చి తనే చానల్ మార్చడానికి పూనుకున్నాడు. ఏళ్లనాటి టేపు జిగురై గోటికి అంటుకుంటోంది. పిన్నీసుతో గీకి గీకి ఆడపిల్ల వైపున్న రెండు లైట్లను పన్నెండుకు మార్చాడు. కెమెరా మీది డబ్బానూ పన్నెండుకు తిప్పాడు. మిగతా రెండూ మగపిల్లవాడి వైపున్నాయి. ఆ పక్క చుట్టాలు కుర్చీలెక్కి మరీ నిలబడ్డారు, అడుగు పెట్టే సందు లేదు. అంతలో పంతులు గొంతెత్తాడు. "ఫొటో ఆయనా, రావాలి! అడ్డుతెర పట్టారు!"

ఆ రెండు లైట్లు ఇప్పుడు ఆయన మాట వినవు. నాలుగో చానల్లో ఎవరు కేక వేస్తే వాళ్లకే పలుకుతాయి. ఎవరూ వేయకపోతే ఊరికే ఉంటాయిలే అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

వధూవరుల మధ్య తెర. ఒకరి తల మీద ఒకరి చెయ్యి, చేతిలో జీలకర్రా బెల్లం. పంతులు చెయ్యి ఊపాడు, గట్టిమేళం హోరెత్తింది. తెర దిగింది. హిమజ సత్యదేవ్‌ను చూసి సిగ్గుపడింది.

దుర్గేష్ చేతిలోని కెమెరా వదిలేసి, నడుము పక్కనున్న రెండోదాన్ని అందుకున్నాడు. కంటికి ఆనించి బటన్ అదిమిపట్టాడు.

రెండు లైట్లూ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. సెకనుకు ఏడో ఎనిమిదో దెబ్బలు, రెండూ హిమజ కళ్లలోకే. భద్రయ్యకు అప్పుడర్థమైంది. వాడు నాలుగు వదల్లేదు. చూపించే కెమెరాను మాత్రం మార్చి, భద్రయ్య లైట్లను వాడుకోవడానికి రెండోదాన్ని నాలుగు మీదే దాచిపెట్టుకున్నాడు. గౌరీపూజప్పుడు గేటు దగ్గర్నుంచి నొక్కి చూసిందీ దాన్నే. తనూ వయసులో చేసిన దొంగతనమే అది.

"ఆపురా దుర్గేష్! నాలుగు బంద్ చెయ్యి!"

డోలు ముందు ఆ అరుపు ఎంత? చేతులూపుతున్న ముసలాయన్ను దుర్గేష్ చూశాడు. దొరికిపోయాననుకున్నాడు. ఎలాగూ తిట్లు తప్పవు, ఈలోగా నాలుగు ఫొటోలు ఎక్కువ వస్తాయని ఇంకా గట్టిగా అదిమాడు.

హిమజ చూపు ఒక పక్కకు పోయి అక్కడే నిలిచిపోయింది. చెయ్యి పెళ్లికొడుకు తల మీది నుంచి జారి, బెల్లం అతని చెవి పక్కన చారగా అంటుకుంది.

"పిల్లకు ఫిట్స్ వస్తయిరా! ఆపు!"

ఎట్టకేలకు ఆ మాట బయటికొచ్చింది. అప్పటికే హిమజ పీట మీంచి ఒరిగిపోతోంది. వాయించేవాళ్లు అది చూసి చేతులు ఆపేశారు. డోలు ఆగిన హాల్లో భద్రయ్య గొంతు ఒక్కటే చివరి వరుస దాకా వినపడింది.

ఆ తర్వాత అంతా గందరగోళం. ఒళ్లు బిగుసుకుపోయి పిల్ల కొట్టుకుంటోంది. ఎవరో తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టమన్నారు. భవాని కూతుర్ని పక్కకు తిప్పి పట్టుకుని, తలెత్తి భద్రయ్య వైపు చూసింది. ఆ చూపుకు ఆయన చచ్చిపోయాడు.

అమ్మిరాజు అరవలేదు. "పంతులుగారూ, మాంగల్యం అక్కడే ఉంచండి," అన్నాడు మెల్లగా. తర్వాత భద్రయ్య దగ్గరికొచ్చాడు. చేతుల గంధం ఇంకా ఆరలేదు. "ఫొటోలు తీసేవారికి చెప్పారన్నమాట. మాకు చెప్పలేదు."

దుర్గేష్ ముఖాన నెత్తురు చుక్క లేదు. "మీ లైట్లు బాగున్నాయని వాడుకున్నానండి, అందరం చేసేదేగా. ఒక్క మాట చెప్పుంటే బ్యాటరీలు పీకి మీ చేతిలో పెట్టేవాణ్ణి గదండీ గురువుగారూ." అడగకుండానే కెమెరాలోని మెమరీ కార్డు తీసి ఇచ్చాడు. ఇచ్చే ముందు ఒక ఫొటో చూపించాడు. వెలుగు అమరింది, ముఖం మీద ఎక్కడా నీడ లేదు. హిమజ పెదాల మీద సిగ్గు ఇంకా ఉంది, కళ్లలో మాత్రం హిమజ లేదు.

అరగంటకు పెళ్లికూతురి గదిలో ఆ పిల్ల తేరుకుంది. భవాని గోడకానుకుని కూర్చుని ఉంది. భద్రయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి పోవడానికి కాలు రాలేదు, వదిలి పోవడానికీ రాలేదు. వరండాలో అమ్మిరాజు కార్లు ముందుకు తెప్పించమని ఎవరికో చెబుతున్నాడు.

"కాకా," అంది హిమజ. నాలుక కొంచెం మొద్దుబారి ఉంది. "తెర పట్టుకున్నదాంక యాదికున్నది. తర్వాత ఏం యాదికొస్తలేదు. తెర తీసినప్పటి ఫొటో చూపియ్యవా?"

భద్రయ్య జేబులో చెయ్యి పెట్టి కార్డును పిడికిట్లో బిగించాడు.

"రాలే బిడ్డా. లైట్లు పడలే."

హిమజ ఆయన్ను చూసి నీరసంగా నవ్వింది.

"నాలుగు పెట్టినవ్ కద కాకా. ఒక్కటి సుత పడలేదా?"