కడిగి పంపిన కంకర

మేస్త్రీ మామయ్య బకెట్ నిండా కంకర తెచ్చి పరీక్షాశాల బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్ల కిందట తన చేతుల మీదుగా లేచిన ఆసుపత్రిని ఈమధ్యే కూల్చారు. ఆ శిథిలాలను ముక్కలు కొట్టించి, తాగునీటి చెరువు పక్కన వేసే కొత్త రోడ్డుకు అడుగుపొరగా ఇస్తానని ముందుకొచ్చింది ఆయనే. పరీక్ష చేసేది మేనకోడలు. కంకరను రోజంతా నానబెట్టినా నీళ్లలోకి సీసం లాంటి విషాలు హద్దు దాటి దిగకపోతేనే ఆమె సంతకం. లేదంటే గుట్టంతా చెత్తదిబ్బకే. కట్టిన చేతికి అంతకన్నా అవమానం ఏముంది?

మర్నాడు సీసాలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆమెకు అదే మింగుడుపడలేదు. కూల్చిన గోడకు దుమ్మే లేకపోవడమేమిటి? అడిగితే ఆయన దాచలేదు. రెండుసార్లు కడిగి, ఎండబెట్టి మరీ తెచ్చాడట.

"బిడ్డను బడికి పంపేటప్పుడు ముఖం కడిగి పంపమూ?"

"బకెట్ కడిగావు సరే మామయ్యా, గుట్టనెవరు కడుగుతారు? వానొచ్చి కడుగుతుంది. ఆ నీళ్లు చెరువులోకే పోతాయి."

ఆమె తనే పార పట్టుకుని వెళ్లి గుట్ట కడుపులోంచీ అడుగునుంచీ తవ్వి తెచ్చింది. ఈసారి సీసం హద్దుకు రెండింతలు తేలింది. కాగితం అందించేటప్పుడు ఆమె చెయ్యి వెనకాడింది. చంకనెత్తుకుని తిప్పిన మామయ్య మరి.

ఆయన కాగితం మడిచి, గదులన్నిటికీ నడుం ఎత్తు వరకు ఆకుపచ్చ రంగు వేయించారని, ఆ రోజుల్లో రంగుల్లో సీసం కలిపేవారు కనుక ఈ పాపం దానిదే అయ్యుంటుందని చెప్పాడు. ఇద్దరు కూలీలను తోడు కూర్చోబెట్టుకుని వారం పాటు రంగు పెచ్చులన్నీ ఏరించి, పొడిని జల్లెడ పట్టించాడు. ఇది మెట్ల గోడ, ఇది వంటగది అంటూ ముక్క ముక్కకూ పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటే కూలీలకు పని సాగేది కాదు.

రెండోసారి ఆమె తవ్విన కంకర ఒళ్లంతా దుమ్ముతో వచ్చింది. నెగ్గింది. సంతకం ఆరకముందే మామయ్య జేబులోంచి ఆకుపచ్చ పెచ్చు ఒకటి తీశాడు.

"నువ్వు పుట్టిన గదిది. పారెయ్యబుద్ధి కాలేదే."

ఆమె దాన్ని పట్టకారుతో అందుకుని సీసాలో వేసి, మూత బిగించి, తన బల్ల మీదే పెట్టుకుంది.

"ఇది నా దగ్గరుంటుంది. నువ్వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కో. కంకర కడిగినట్టు, రెండుసార్లు."