మనోవర్తి వారెంటు

అద్దకం మిల్లు గేటు ముందు సమ్మె సభ జోరుగా సాగుతుండగా పోలీసు జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు నేరుగా వేదికెక్కి, మాట్లాడుతున్న సంఘం నాయకుడి చెయ్యి పట్టుకున్నాడు. రంగు తొట్ల దగ్గర పనిచేసే ఆ నాయకుణ్ణి అందరూ మేస్త్రీ అంటారు.

"దేనికి?" అన్నాడు మేస్త్రీ.

"మనోవర్తి వారెంటు. నీ కూతురికి కోర్టు ఇమ్మన్నది ఇవ్వలేదు."

ఆ మాట ముందు వరుసకే వినపడింది. వెనకున్నవాళ్ళకు కనపడింది జీపు ఒక్కటే. ఒక్కుమ్మడిగా చుట్టుముట్టి దారి కట్టేశారు.

"యజమాని కుట్ర! సమ్మె విరగ్గొట్టడానికే!"

గేటు లోపల మేనేజరు చేతులు కట్టుకుని వినోదం చూస్తున్నాడు.

సంఘం ప్లీడరమ్మ ఇన్‌స్పెక్టరుకు అడ్డం పడింది. "కట్టలేనివాణ్ణి జైల్లో పెట్టడం మానవ హక్కులకే విరుద్ధం. సమ్మెలో ఉన్నవాడు ఎక్కణ్ణించి తెస్తాడు?"

మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఔనన్నట్టు తలూపాడు.

"కట్టలేనివాడా?" ప్యాకింగు ఆడవాళ్ళలోంచి అతని భార్య లేచింది. ఎప్పుడో విడిపోయినా ఇద్దరిదీ అదే మిల్లు. "సమ్మె మొన్న మొదలైంది. ఈయన ఇవ్వడం మానేసింది పిల్లకి పళ్ళు రాకముందే. ఇప్పుడది బడికెళ్తోంది. మీ హక్కుల్లో దాని కడుపు లేదా అమ్మా?"

ప్లీడరమ్మ అతనివైపు తిరిగింది. "నిజమేనా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా తనకోసం లాఠీలకు వీపొడ్డడానికి నిలబడ్డ మనుషులు. మేస్త్రీ సిగ్గుతో చచ్చిపోయాడు.

"నిజమే" అన్నాడు భార్యతో. "డబ్బాపితే నువ్వు దిగొస్తావనుకున్నా. పిల్ల కడుపు మాడ్చా."

మేనేజరు పకపకా నవ్వాడు. "విన్నారా మీ నాయకుడి బాగోతం! ఇక పనిలోకి రండి."

"నువ్వు నోర్ముయ్యి" అంది భార్య. "దిగొచ్చేదాకా తిండి ఆపడం మీ దగ్గర నేర్చిందే. ఈయన తప్పు ఈయనది, మా సమ్మె మాది." ఇన్‌స్పెక్టరుతో అంది: "ఈయనకి జైలు కూడు పెడితే పిల్లకేం ఒరుగుతుంది? జీతంలోంచి కోసి ఇప్పించమని జడ్జినే అడుగుతా."

"దారివ్వండి" అన్నాడు మేస్త్రీ. "నా పేరుమీద నినాదాలొద్దు. ఇది సమ్మె కేసు కాదు."

జనం పక్కకు జరిగారు. ఇళ్ళు వదిలేసి తిరుగుతున్న మగాళ్ళు ఇంకొందరు తలలు దించుకున్నారు.

జీపు కదిలింది. వెనక ఆమె మైకు అందుకుంది.

"మన కోర్కెల్లో ఇవాళ ఇంకోటి! జీతంలో పిల్లల వాటా ముందే తల్లి చేతికి!"

"ముందే! ముందే!" గేటు దద్దరిల్లింది. ఒక్కరూ లోపలికి పోలేదు.

జీపులో మేస్త్రీ అలవాటుకొద్దీ పిడికిలి బిగించాడు. పైకెత్తడానికి మొహం చెల్లలేదు.