అక్క బొటనవేలు

మా ఆయనకి పనిచెయ్యడం ఒక్కటి తప్ప అన్నీ వచ్చు. వాళ్ళన్నయ్య, అంటే మా బావగారు, పరాయి దేశంలో రాళ్ళు కోసి పంపే డబ్బుతో ఈయన మేడ కట్టిస్తున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. మా వీధిలో సిమెంటు కొట్టు దగ్గర్నుంచి మందుల కొట్టు దాకా అన్నీ అలాంటి డబ్బు మీదే బతుకుతున్నాయి కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. పైన లేస్తున్న గది నాకోసమే, కాబట్టి నేనూ పట్టలేదు.

డబ్బు మాత్రం మా తోడికోడలి పేరున వస్తుంది. ఆవిణ్ణి నేను అక్కా అంటాను. డబ్బు ఇచ్చే కొట్టులో వేలిముద్రల యంత్రం అద్దం మీద అక్క కుడి బొటనవేలు ఆనిస్తేనే చేతికిస్తారు. ముద్ర మూడుసార్లు కలవకపోతే పంపినవాడికే వెనక్కి పోతుంది. నెలనెలా మా ఆయన అక్కని మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, వేలు వేయించి, డబ్బు తన జేబులో పెట్టుకునేవాడు.

ఈమధ్య బావగారితో కలిసి పనిచేసినవాడొకడు తిరిగొచ్చి, మా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందమ్మా. దగ్గితే నెత్తురు పడుతోంది. ఇంకో ఏడాది అక్కడే ఉంటే పెట్టెలో వస్తాడు. టికెట్టుకి కూడా ఉంచుకోకుండా అంతా ఇక్కడికే పంపేస్తున్నాడు."

ఆ సాయంత్రం ఫోనులో అక్క బావగారితో "వచ్చెయ్యండి" అంది. రెండో మాట అనేలోపు మా ఆయన ఫోను లాక్కుని కట్ చేసి, దానితోనే ఆమె మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి అన్నం గిన్నె పక్కన పడింది. "స్లాబు పోసేదాకా ఆ మాట ఎత్తకు వదినా" అన్నాడు. వదినా అనడం మాత్రం మానడు, మర్యాదస్తుడు.

మళ్ళీ డబ్బు వచ్చిన రోజు పొద్దున్నే అక్క పెనాన్ని పొగలొచ్చేదాకా కాల్చింది. నేను చూస్తుండగానే కుడి బొటనవేలు దానిమీద పెట్టి, ఎడంచేత్తో అదిమింది. చర్మం చిటపటమంది. ఆమె అరవలేదు, నేనే అరిచాను.

"ఊరుకోవే" అంది పళ్ళు బిగబట్టి. "డబ్బు వెనక్కి పోతే ఆయన టికెట్టు కొనుక్కుంటారు."

ఆ వేలు చూసి కూడా మా ఆయన లాక్కెళ్ళాడు. వెనకే నేనూ పరిగెత్తాను. బొబ్బని అద్దానికేసి రుద్దితే చితికి నీరు కారింది. యంత్రం మూడుసార్లూ కాదంది. కొట్టువాడు గుడ్డతో అద్దం తుడుచుకుని, డబ్బు వెనక్కి పోయిందన్నాడు.

ఇంటికొచ్చాక ఆమెని ఇసక గుట్ట మీద పడేసి తన్నాడు. కడుపులో, వీపు మీద, కాలిన చేతి మీద. అడ్డం వెళితే నన్ను గోడకేసి కొట్టాడు. పైన తాపీవాళ్ళు ఒక్క క్షణం ఆగి చూసి, మళ్ళీ పనిలో పడ్డారు. వాళ్ళ కూలీ కూడా ఆ డబ్బే కదా.

అప్పుడు ఫోను మోగింది. బావగారే. మా ఆయన ఆయాసం ఆపుకుని, ఫోను ఇటుకల మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"డబ్బు తిరిగొచ్చిందేంట్రా?"

"వంటింట్లో వదిన వేలు కాలిందన్నయ్యా. ఏం పర్లేదు. ఈసారి నా పేరున పంపు, నా వేలు బానే ఉంది."

బావగారు దగ్గి దగ్గి, "సరే, ఇప్పుడే వేస్తాను. స్లాబు ఆగకూడదు. మీ వదినకి మందు ఇప్పించు" అన్నాడు.

అక్క ఇసకలో పాక్కుంటూ ఫోను వైపు వచ్చింది. మా ఆయన ఆమె మెడ మీద కాలు వేసి తొక్కాడు. కుడిచెయ్యి ఇటుకల మీద ఆనించుకుని ఉన్నాడు. నేను ఒక ఇటుక రెండు చేతులా ఎత్తి ఆ బొటనవేలి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. సరిపోదేమోనని ఇంకోసారి వేశాను. మనిషి కేకపెట్టి కూలబడ్డాడు.

ఫోను నేను తీసుకున్నాను.

"బావగారూ, మీ తమ్ముడి వేలు కూడా పోయింది. ఇక ఈ ఇంట్లో మిగిలింది నాదొక్కటే, అది నేనివ్వను. ఆ డబ్బుతో టికెట్టు కొనుక్కుని రండి. అక్క చెయ్యి కాల్చుకుంది అందుకే."

చాలాసేపు దగ్గే వినిపించింది. తర్వాత, "ఒకసారి ఫోను మీ అక్కకియ్యమ్మా" అన్నాడు.

ఆమె పట్టుకోలేకపోయింది. చెవి దగ్గర నేనే పట్టుకున్నాను.